శారదాశ్రమ పాఠశాల క్రికెట్ జట్టు: ఆడినవారు, కనిపెట్టుకొని యున్నవారు

మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు నిండిన ఈ శుభ సమయమున దేవాలయములను, ఆసుపత్రులను, పాఠశాలలను గూర్చి పెద్దలు అనేకులు ఈ సంచికలో వ్రాయుచున్నారు. పాఠశాల అనగానే మనకు తరగతి గదులు, ప్రధానోపాధ్యాయులు, పరీక్షా ఫలితములు జ్ఞాపకమునకు వచ్చును. ఆటస్థలమును గూర్చి వ్రాయువారు తక్కువ. అయినను పిల్లలు జీవిత కాలమంతయు మరువని సంగతులు కొన్ని ఆటస్థలములోనే నేర్చుకొందురు. అందుచేత ఒక పాఠశాల క్రికెట్ జట్టు ఒకే ఒక ఋతువులో ఆడిన ఆటను, ఆ ఆటలో నున్న పిల్లలు తరువాత ఏమైరో ఆ చరిత్రను, సంఘ సభ్యుల ముందుంచుచున్నాను. ఈ పాఠశాల మన ప్రాంతమునది కాదు. బొంబాయి (నేటి ముంబయి) నగరములోని దాదరు ప్రాంతమునకు చెందిన శారదాశ్రమ విద్యామందిర్ అది. అయితే ఈ కథ చివరకు మన విశాఖపట్టణము వరకు, మన కడప జిల్లా వరకు వచ్చును.

హారిస్ షీల్డ్

బొంబాయి పాఠశాలల మధ్య రెండు పోటీలు నూరేళ్లకు పైగా జరుగుచున్నవి. పదునారేండ్ల లోపు బాలురకు హారిస్ షీల్డ్, పదునాలుగేండ్ల లోపు వారికి గైల్స్ షీల్డ్. 1890 నుండి 1895 వరకు బొంబాయి గవర్నరుగా నుండిన లార్డ్ హారిస్ పేర మొదటిది వెలసినది. ఆయన స్వయముగా ఇంగ్లండు జట్టుకు నాయకుడుగా ఆడినవాడు.

ఈ పోటీలు జరుగు స్థలములలో ముఖ్యమైనది ఆజాద్ మైదాన్. ఆ ఒక్క మైదానములో ఇరువదిరెండు క్రికెట్ పిచ్‌లు కలవు. ఒక ఆటలో ఫీల్డింగ్ చేయు బాలుడు వేరొక ఆట బౌలరుకు వీపు త్రిప్పి నిలువవలసి వచ్చును. ఎవరి బంతి ఎవరి వైపు వచ్చుచున్నదో చూచుకొనుచు ఆడుకొనవలెను. చుట్టును రైలు స్టేషన్లు, కచేరీలు. పనిమీద పోవు గుమాస్తాలు సైతము కొంతసేపు నిలిచి పిల్లల ఆట చూచి పోవుట అక్కడి ఆచారము. అట్టి నగరములో పాఠశాల క్రికెట్ చిన్న విషయము కాదు. మంచి స్కోరు చేసిన బాలుని పేరు మరునాడు పత్రికలో వచ్చును.

గురువు

శారదాశ్రమ జట్టుకు శిక్షకులు శ్రీ రమాకాంత్ అచ్రేకర్. ఆయన స్టేట్ బ్యాంకు ఉద్యోగి. తాను ఆడిన ఫస్ట్ క్లాస్ ఆట ఒకే ఒకటి. అదియు మన హైదరాబాదు జట్టు మీదనే, 1963లో, మొయిన్‌ఉద్దౌలా పోటీలో స్టేట్ బ్యాంకు పక్షమున ఆడినది. ఆటగాడుగా ఆయనకు దక్కిన భాగము అంతే. కాని శివాజీ పార్కులో ఆయన చేతి క్రింద పెరిగిన పిల్లలు అనేకులు దేశమునకు ఆడినారు. 1990లో ద్రోణాచార్య బిరుదు, 2010లో పద్మశ్రీ ఆయనకు లభించినవి. 2019 జనవరి 2వ తేదీన ఆయన కన్నుమూసినారు.

ఆయన పద్ధతులు ఇప్పటికిని చెప్పుకొందురు. సాయంకాలము పిల్లవాడు అలసిపోయిన వేళ, స్టంపుల మీద ఒక రూపాయి నాణెము ఉంచెడివారు. వికెట్టు తీసిన బౌలరుకు ఆ రూపాయి. ఎవరును తీయలేకపోయినచో అది బ్యాట్స్‌మన్‌దే. అట్లు సంపాదించుకొన్న పదమూడు నాణెములను సచిన్ టెండూల్కర్ భద్రముగా దాచుకొన్నారు. ఒకే దినమున రెండు మూడు ఆటలు ఆడించుటకు అచ్రేకర్ గారు ఆ బాలుని తన స్కూటరు వెనుక కూర్చుండబెట్టుకొని ఒక మైదానము నుండి మరియొక మైదానమునకు తీసికొని పోయెడివారు.

ఒకమారు ఆ బాలుడు తన ఆట మానివేసి పెద్దపిల్లల ఫైనల్ ఆట చూచుటకు పోయినాడు. గురువు గారు పట్టుకొని చెంపమీద కొట్టి, ఇతరులకు చప్పట్లు కొట్టుట నీ పని కాదు, ఇతరులు నీకు చప్పట్లు కొట్టునట్లు ఆడుము అని గద్దించినారట. ఆ దినము నుండి తాను అభ్యాసము తప్పలేదని టెండూల్కర్ పలుమార్లు చెప్పియున్నారు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొన గోరుచున్నాను. ఇది సత్యమే, కాని సగము సత్యము. మిగిలిన సగము అదే జట్టులోని మరియొక బాలుని జీవితములో కనబడును.

1988 ఫిబ్రవరి

ఆ ఏట హారిస్ షీల్డ్ సెమీ ఫైనల్ ఆట ఫిబ్రవరి 23వ తేదీన ఆజాద్ మైదాన్‌లో ఆరంభమైనది. ఎదుటి పక్షము సెయింట్ జేవియర్స్ పాఠశాల. శారదాశ్రమ పక్షమున 84 పరుగులకు రెండు వికెట్లు పడినవి. అప్పుడు ఇద్దరు బాలురు కలిసినారు. ఒకరు పదునాలుగేండ్ల సచిన్ టెండూల్కర్. రెండవవారు పదునారేండ్ల వినోద్ కాంబ్లీ. సచిన్ ఆట నిమిత్తము ఇల్లు విడచి శివాజీ పార్కు దగ్గర పినతల్లి ఇంట నుండి చదువుకొనుచున్నాడు. కాంబ్లీ దూరపు కాంజుర్‌మార్గ్‌లోని చాలులో నుండి, క్రికెట్ సంచి మోసికొని, క్రిక్కిరిసిన లోకల్ రైలులో వచ్చెడివాడు. అతని తండ్రి కార్మికుడు.

ఆ ఇద్దరు కలిసిన తరువాత మూడవ వికెట్టు పడలేదు. మొదటి దినము గడచినది. రెండవ దినము ఉదయము ఇన్నింగ్స్ చాలించి ఎదుటి వారికి ఆట ఇయ్యవలసినదని గురువు గారి ఆజ్ఞ. ఆయన ఆ సమయమున అక్కడ లేరు. ఆయన సహాయకుడు గట్టు మీద నిలిచి చేతులూపి, కేకలు వేసి పిలిచినాడు. పిల్లలిద్దరు అటువైపు చూడకుండ ఆడుచునే యుండిరట! భోజన విరామములో ఫోను ద్వారా సంగతి గురువు గారికి చేరినది. కాంబ్లీ అప్పటికి 349 పరుగుల మీద నుండెను. ఇంకొక్క పరుగు చేసికొనుటకు సెలవిమ్మని ఫోనులో బ్రతిమాలినాడని చెప్పుకొందురు. గురువు గారు ఒప్పుకొనలేదు. రెండు వికెట్లకు 748 పరుగుల వద్ద శారదాశ్రమ ఇన్నింగ్స్ చాలించినది. కాంబ్లీ 349, సచిన్ 326, ఇద్దరును నాటౌట్. వారిద్దరు కలిసి చేసినవి 664 పరుగులు.

అంతకు పూర్వము ఏ స్థాయి క్రికెట్‌లోనైనను ఒక జంట చేసిన అత్యధిక పరుగులు 641. అది 1913-14లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో జరిగినది. డెబ్బది సంవత్సరములకు పైగా నిలిచిన ఆ లెక్కను ఇద్దరు బడిపిల్లలు దాటివేసినారు. తరువాత సెయింట్ జేవియర్స్ జట్టు 145 పరుగులకు ముగిసినది. బౌలింగులో కూడ కాంబ్లీయే 37 పరుగులిచ్చి 6 వికెట్లు తీసినాడు.

ఫైనల్లో అంజుమన్-ఇ-ఇస్లాం పాఠశాల మీద సచిన్ మరల 346 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచినాడు. ఆ పోటీలో అతని మొత్తము 1025 పరుగులు. అయిదు ఇన్నింగ్స్‌లలో ఔటైనది ఒక్కమారే. మరుసటి సంవత్సరము నవంబరు 15వ తేదీన, పదునారేండ్ల వయస్సున, కరాచీలో భారతదేశపు టెస్ట్ జట్టులో అతడు నిలిచినాడు.

ఎదుటి పక్షమును గూర్చి

స్కోరు పుస్తకములో రెండు పుటలుండును. మనము ఎప్పుడును ఒక పుటనే చదివెదము. రెండవ పుటలో సెయింట్ జేవియర్స్ బౌలర్లు కలరు. వారిలో ఒకడు సాయిరాజ్ బహుతులే, పదునైదేండ్ల లెగ్ స్పిన్నరు. ఆ దినమున 27 ఓవర్లు వేసి 182 పరుగులు ఇచ్చినాడు. అట్టి అనుభవము తరువాత బంతి పట్టుటకు మనసు రాని పిల్లలుందురు. పైగా 1990లో భయంకరమైన కారు ప్రమాదములో అతని కాలు విరిగి, లోపల ఇనుప కడ్డీ వేయవలసి వచ్చినది. అయినను అతడు నడిచినాడు, పరుగెత్తినాడు, మరల బంతి పట్టినాడు. ముంబయి జట్టులో సచిన్‌తోను, కాంబ్లీతోను కలిసి ఆడినాడు. 2001లో భారత టెస్ట్ జట్టులో స్థానము పొందినాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అతడు తీసిన వికెట్లు 630. తరువాత శిక్షకుడైనాడు. ఆజాద్ మైదాన్‌లోని ఆ ఒకటిన్నర దినము అతని చరిత్రలో ఒక పేరా మాత్రమే.

ఈ 664 లెక్కను దాటినది మన తెలుగు నేల మీదనే అని చాలమందికి తెలియదు. 2006 నవంబరు 15వ తేదీన సికింద్రాబాదులో జరిగిన పదమూడేండ్ల లోపు పిల్లల ఆటలో సెయింట్ పీటర్స్ పాఠశాల బాలురిద్దరు 40 ఓవర్లలో విడిపోకుండ 721 పరుగులు జోడించినారు. ఎదుటి పక్షమైన సెయింట్ ఫిలిప్స్ పాఠశాల 21 పరుగులకు ముగిసినది. తేడా సరిగా 700 పరుగులు. పేతురు పేర ఒక బడి, ఫిలిప్పు పేర ఒక బడి. పత్రికలన్నియు మొదటి బడిని శ్లాఘించినవి. అది న్యాయమే. కాని ఆ మధ్యాహ్నమంతయు ఎండలో బంతి వెంట పరుగెత్తి, 21 పరుగులకు ఔటై ఇంటికి పోయిన పదునొకండుగురు పిల్లలతో ఆ రాత్రి ఎవరు కూర్చుండి మాటలాడినారో పత్రికలు వ్రాయవు. ఆ పని తల్లిదండ్రులది, ఉపాధ్యాయులది.

ఇద్దరి మార్గములు

సచిన్ టెండూల్కర్ గారి తరువాతి చరిత్ర అందరికి తెలిసినదే. 200 టెస్టులు, 15,921 పరుగులు, అన్ని అంతర్జాతీయ ఆటలలో కలిపి నూరు శతకములు. 2013 నవంబరులో తన సొంత నగరములో ఆట విరమించినారు.

కాంబ్లీ మొదట ఏ మాత్రము వెనుకబడలేదు. 1993 ఫిబ్రవరిలో బొంబాయిలో ఇంగ్లండు మీద 224, మార్చిలో ఢిల్లీలో జింబాబ్వే మీద 227 చేసినాడు. 14 ఇన్నింగ్స్‌లలోనే వెయ్యి టెస్ట్ పరుగులు పూర్తి చేసినాడు. భారతీయులలో అంత త్వరగా ఎవరును చేసియుండలేదు. కాని 1995 నవంబరుతో, ఇరువదిమూడేండ్ల వయస్సున, అతని టెస్ట్ క్రికెట్ ముగిసినది. 17 టెస్టులు, 1084 పరుగులు, సగటు 54.20. ఇట్టి సగటు గల ఆటగాడు అంత తొందరగా ఏల ఆగిపోయెనని నేటికిని వాదించుకొందురు. కొందరు క్రమశిక్షణ లోపమందురు, కొందరు అన్యాయమందురు. తీర్పు తీర్చుట నా ఉద్దేశము కాదు. 2024 డిసెంబరులో శివాజీ పార్కులో అచ్రేకర్ గారి స్మారక చిహ్నము ఆవిష్కరించిన దినమున ఆ ఇద్దరు శిష్యులు ఒకే వేదిక మీద కలిసికొన్నారు. అనారోగ్యముతో కృశించియున్న కాంబ్లీని, చేరి పలుకరించిన సచిన్‌ను చూచి దేశములో అనేకులు కంట తడిపెట్టినారు. 664 పరుగులు సమానముగా పంచుకొన్న ఇద్దరికి తరువాతి జీవితము సమానముగా పంచబడలేదు.

ప్యాడ్లు కట్టుకొని కూర్చున్న బాలుడు

ఇప్పుడు మూడవ బాలుని సంగతి. సచిన్, కాంబ్లీ ఆడుచున్నంతసేపు, తరువాత ఆడవలసిన బాలుడు కాళ్లకు ప్యాడ్లు కట్టుకొని, బ్యాటు ప్రక్కన పెట్టుకొని, గట్టు మీద కూర్చుండెను. అతని పేరు అమోల్ మజుందార్. వయస్సు పదమూడేండ్లు. ఏ క్షణమున వికెట్టు పడునో తెలియదు గనుక ప్యాడ్లు విప్పుటకు వీలులేదు. మొదటి దినమంతయు కూర్చున్నాడు. రెండవ దినము మరల కట్టుకొని కూర్చున్నాడు. ఇన్నింగ్స్ చాలించినారు. అతడు ప్యాడ్లు విప్పివేసినాడు. ప్రపంచ రికార్డు నెలకొన్న ఆ ఇన్నింగ్స్‌లో అతని పేరుకు ఎదురుగా ఒక్క పరుగును లేదు.

ఆ కూర్చుండుట అతని జీవితమంతటికి ఒక గుర్తు వలె నయ్యెను. 1994లో రంజీ ట్రోఫీలో తన మొట్టమొదటి ఆటలోనే హర్యానా మీద 260 పరుగులు చేసినాడు. ఫస్ట్ క్లాస్ మొదటి ఆటలో అంత పెద్ద స్కోరు అప్పటికి లోకములో ఎవరును చేయలేదు. ఇతడు తప్పక దేశమునకు ఆడునని అందరు అనుకొన్నారు. కాని అది ద్రావిడ్, గంగూలీ, మన హైదరాబాదు లక్ష్మణ్, తన బడి స్నేహితుడు సచిన్ మధ్య వరుసలో నిలిచిన కాలము. లోపల ఖాళీ లేదు. మజుందార్ ఇరువది సంవత్సరములు ఆడినాడు. 171 ఫస్ట్ క్లాస్ ఆటలలో 11,167 పరుగులు, 30 శతకములు చేసినాడు. 2006-07లో నాయకుడుగా ముంబయికి రంజీ ట్రోఫీ తెచ్చినాడు. భారత జట్టు టోపీ మాత్రము ఒక్క దినమును అతని తలమీదికి రాలేదు.

ముంబయి జట్టు విడచిన తరువాత అస్సాముకు పోయినాడు. అక్కడనుండి 2012లో మన ఆంధ్ర జట్టుకు వచ్చినాడు. అప్పటికి అతనికి ముప్పదిఎనిమిదేండ్లు సమీపించినవి. పేరుప్రతిష్ఠలు గల పెద్ద జట్టులో ఆడినవాడు, తనకంటె పదునైదేండ్లు చిన్నవారైన కుర్రవాండ్రతో కలిసి, చూచువారు లేని మైదానములలో ఆడినాడు. 2014లో ఆట విరమించి శిక్షకుడైనాడు.

విశాఖపట్టణము నుండి నవీ ముంబయి వరకు

2023 అక్టోబరులో శ్రీ మజుందార్ భారత మహిళల జట్టుకు ప్రధాన శిక్షకులుగా నియమితులైనారు. దేశమునకు ఒక్క ఆటయు ఆడని వ్యక్తి జాతీయ జట్టుకు ఏమి నేర్పగలడని అడిగినవారు లేకపోలేదు.

2025లో ప్రపంచ కప్ మన దేశములో జరిగినది. అక్టోబరు 9న విశాఖపట్టణములో దక్షిణాఫ్రికా చేతిలో మన జట్టు ఓడినది. 12వ తేదీన అదే విశాఖలో ఆస్ట్రేలియా చేతిలో ఓడినది. 19వ తేదీన ఇండోరులో ఇంగ్లండు చేతిలో నాలుగే పరుగుల తేడాతో ఓడినది. వరుసగా మూడు ఓటములు. ఇంటి దారి పట్టవలసినదే అని అనేకులు తలంచినారు. కాని ఆ జట్టు న్యూజిలాండును గెలిచి సెమీ ఫైనల్ చేరినది. అక్టోబరు 30న నవీ ముంబయిలో ఆస్ట్రేలియా చేసిన 338 పరుగులను జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులు చేసి నాటౌట్‌గా నిలువగా దాటినది. నవంబరు 2వ తేదీన అదే మైదానములో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి, మహిళల ప్రపంచ కప్పును మొట్టమొదటి సారి మన దేశమునకు తెచ్చినది. ఆ జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీ చరణి ఎడమచేతి స్పిన్ బౌలింగుతో ఆ పోటీలో 14 వికెట్లు తీసినది.

గెలుపు దొరికిన వెంటనే జట్టు నాయకురాలు హర్మన్‌ప్రీత్ కౌర్ శిక్షకుని పాదములు తాకి నమస్కరించినది. ఆజాద్ మైదాన్ గట్టు మీద ప్యాడ్లు కట్టుకొని కూర్చున్న దినము నుండి ఆ రాత్రి వరకు ముప్పదియేడు సంవత్సరములు దాటినవి. అతడు ఆ రాత్రి సైతము గట్టు మీదనే ఉండెను. ఆడినది ఇతరులు. అచ్రేకర్ గారు చెప్పని ఆ సగము సత్యము ఇదియే. ఇతరులకు చప్పట్లు కొట్టుట కూడ ఒక పనియే. అది అందరు చేయగల పని కాదు. తన వంతు రానందుకు మనసు చేదు చేసికొనక, ఇతరుల వంతును తన వంతు వలె ఎంచువారే దానిని చేయగలరు.

మన పాఠశాలలకు

క్రైస్తవ తెలుగులో తలాంతు అను మాట మనకు చిరపరిచితమైనది. తలాంతు గల బిడ్డను గుర్తించి ముందుకు త్రోయుట మన పాఠశాలలు ఈ నూరేండ్లును చేసినవి, చేయవలెను కూడ. అయితే ప్రతి జట్టులోను ప్యాడ్లు కట్టుకొని కూర్చున్న బిడ్డ ఒకడు ఉండును. పాటల పోటీలో రెండవ వరుసలో నిలిచిన బాలిక, నాటకములో ఒక్క మాటయు లేని వేషము కట్టిన బాలుడు, పరీక్షలో ఒకటి రెండు మార్కులతో బహుమతి పోగొట్టుకొన్నవాడు, వీరందరు ఆ గట్టు మీదివారే. బహుమతి ప్రదాన దినమున వారి పేర్లు ఎవరును చదువరు.

వారిని ఓదార్చుటకు అబద్ధపు మాటలు చెప్పనక్కరలేదు. వంతు తప్పక వచ్చునని కూడ మాట ఇయ్యలేము. మజుందార్‌కు ఆటగాడుగా ఆ వంతు రానేలేదు. చేయగలిగినది వేరొకటి ఉన్నది. వారు కూర్చున్న సంగతి మనము చూచుచున్నామని వారికి తెలియజేయవచ్చును. మరునాడు అభ్యాసమునకు వచ్చినప్పుడు వారి చేతికి బంతి ఇయ్యవచ్చును. ఓడిన జట్టు పిల్లలను కూడ పేరు పెట్టి పిలువవచ్చును. అచ్రేకర్ గారు తన జీవితమంతటిలో ఒక్క ఫస్ట్ క్లాస్ ఆట ఆడి, శివాజీ పార్కులో ఒక తరమును పెంచినారు. ఆయన శిష్యుడు దేశమునకు ఒక్క ఆటయు ఆడక, దేశమునకు ప్రపంచ కప్పు తెచ్చిన జట్టును తీర్చిదిద్దినాడు.

రెండవ శతాబ్దములోనికి మన పాఠశాలలు ప్రవేశించుచున్న ఈ వేళ, ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. స్కోరు పుస్తకము రెండవ పుట కూడ చదువుడి. గట్టు మీద కూర్చున్న బిడ్డ పేరు తెలిసికొనుడి.